ఇన్సులిను: మధుమేహ చికిత్సలో దాని స్థానము

చక్కెర జబ్బు అను మాట వినని యిల్లు మన చిత్తూరు, తిరుపతి సీమలలో నేడు కానరాదు. తెల్లవారుజామున పెద్దలు నడకకు బయలుదేరుటయు, కాఫీలో చక్కెర మానుటయు, భోజనమునకు ముందొక మాత్ర వేసికొనుటయు మన బాలబాలికలు దినదినమును చూచుచునే యున్నారు. భారత వైద్య పరిశోధనా మండలివారు 2023వ సంవత్సరమున ప్రకటించిన లెక్కనుబట్టి మన దేశమున పది కోట్లకు పైగా జనులకు ఈ వ్యాధి కలదు. పెద్దలలో నూటికి పదునొకండుగురన్నమాట. ఇంతగా వ్యాపించిన వ్యాధిని గూర్చి మనకు తెలిసినది మాత్రము మిక్కిలి కొలది. ముఖ్యముగా రెండు విషయములలో మనవారు పొరబడుచున్నారు. ఇది వయసు మీరినవారి జబ్బే కాని పిల్లలకు రాదనుట యొకటి. ఇన్సులిను సూది మొదలుపెట్టిరనగా ఇక రోగి పని అయిపోయినదనుట రెండవది. ఈ రెండు పొరపాట్లును కలసినచోట పసిప్రాణములకు మోసము వచ్చుచున్నది గనుక, ఈ సంగతిని ఇచ్చట పాఠముగా చెప్పదలచితిమి. పై తరగతుల విద్యార్థులకు ఇందు కొంత తెలిసినదే యైనను, ఈ పత్రిక ఇంటికి పోయి తల్లిదండ్రులచేతను చదువబడును గావున మొదటినుండియు చెప్పెదము.

మనము తినునది రాగి సంకటి యైనను, వరి యన్నమైనను, జొన్నరొట్టె యైనను, అందలి పిండిపదార్థము ప్రేగులలో జీర్ణమై గ్లూకోసు అను చక్కెరగా మారి రక్తములో కలియును. పొయ్యికి కట్టె లెట్టివో మన కండరములకును మెదడునకును ఈ చక్కెర యట్టిది. అయితే పెద్దవాని రక్తమంతటిలో ఒక సమయమున ఉండవలసిన చక్కెర యెంత? సుమారు అయిదు గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు మాత్రమే. కడుపునిండ ఒక సంకటి ముద్ద తిన్నచో దానికి పదిరెట్ల చక్కెర కొన్ని గంటలలో రక్తములోనికి వచ్చి పడును. అయినను ఆరోగ్యవంతుని రక్తములో చక్కెర కొంచెము పెరిగి మరల తన మట్టమునకు దిగిపోవును. వచ్చిన దానిని వచ్చినట్లు కండరములకును, కాలేయమునకును, క్రొవ్వునకును పంచిపెట్టు పనివాడొకడు లోపల నున్నాడు. ఆ పనివాడే ఇన్సులిను.

మన సీమ చెఱువుల సీమ. చెఱువు క్రింద సేద్యము చేయువారి పిల్లలకు నీరుగంటివాని సంగతి చెప్పనక్కరలేదు. చెఱువు నిండియుండవచ్చును, కాలువలు బాగుగనే యుండవచ్చును. కాని తూము ఎత్తి, ఏ మడికి ఎంత నీరో చూచి వదలు నీరుగంటి లేనిచో, కట్టకు ఆవల నీరు పొంగుచుండగా ఈవల పైరు ఎండిపోవును. మధుమేహము సరిగా ఇట్టిదే. రక్తములో చక్కెర నిండియుండును. జీవకణములు మాత్రము ఆకలితో అలమటించును. మిగిలిన చక్కెర, చెఱువు మఱవ పారినట్లు, మూత్రపిండముల గుండ బయటికి పోవును. పోవునప్పుడు నీటినికూడ లాగుకొని పోవును గనుక రోగి మాటిమాటికి మూత్రమునకు పోవుటయు, ఎంత త్రాగినను దాహము తీరకుండుటయు కలుగును. తిన్న తిండి ఒంటికి పట్టక మనుష్యుడు చిక్కిపోవును.

ఈ ఇన్సులిను పుట్టుచోటు క్లోమము. అది కడుపునకు వెనుక అడ్డముగా పరుండినట్లుండు గ్రంథి. దానిలో అధికభాగము జీర్ణరసమును చేయుటకే వినియోగపడును. ఆ నడుమ అచ్చటచ్చట, సముద్రములో దీవులవలె, చిన్న కణముల గుంపులు కలవు. వీనిని 1869వ సంవత్సరమున పాల్ లాంగర్‌హాన్స్ అను జర్మను విద్యార్థి సూక్ష్మదర్శినితో మొదట చూచెను. వాని పని యేమో యాతనికి తెలియలేదు. ఇరువది సంవత్సరముల తరువాత, 1889లో, స్ట్రాస్‌బుర్గు నగరమున మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగు అను వైద్యు లిరువురు ఒక కుక్కనుండి క్లోమమును తీసివేయగా, దానికి మధుమేహము వచ్చెను. ఆ దీవులనుండి వచ్చు రసమునకే, దీవి యను నర్థముగల లాటిను మాటనుబట్టి, ఇన్సులిను అను పేరు వచ్చినది.

ఈ వ్యాధి మన దేశమునకు క్రొత్త కాదు. మధుమేహమను పేరే మన పూర్వవైద్యు లిచ్చినది. సుశ్రుతుని గ్రంథమున దీనిని రెండు విధములుగా విభజించిరి: పుట్టుకతో వచ్చునది యొకటి, అపథ్యమువలన వచ్చునది మఱియొకటి. మొదటి విధపు రోగి కృశించినవాడై దాహముతో బాధపడుననియు, రెండవవాడు స్థూలకాయుడై విశేషముగా భుజించుననియు వ్రాసియుండుట గమనింపదగినది. నేటి వైద్యులు చెప్పు రెండు రకములకు ఇది యెంత దగ్గఱగా నున్నదో చూడుడు. కాని చూచి గుర్తించుట వేఱు, కుదుర్చుట వేఱు. కృశించిన యా బాలుని బ్రతికించు ఉపాయము ఆ కాలమున ఏ దేశపు వైద్యునికిని తెలియదు.

నేటి శాస్త్రప్రకారము మొదటి రకములో, శరీరమును రోగములనుండి కాపాడవలసిన రక్షకదళమే పొరబడి, ఇన్సులిను చేయు కణములను శత్రువులని యెంచి నశింపజేయును. నీరుగంటి మరణించినాడన్నమాట. ఇది ఎక్కువగా పిల్లలకును, పడుచువారికిని వచ్చును. బాలుడు మిఠాయి తినుటవలన కాని, తల్లిదండ్రుల దోషమువలన కాని ఇది రాదు. ఒకరినుండి మఱియొకరికి అంటదు. రెండవ రకములో నీరుగంటి యున్నాడు; కాని తూము తుప్పుపట్టి యెంత లాగినను తెఱచుకొనదు. స్థూలకాయమును, కూర్చుండి కాలము గడపుటయు, వంశపారంపర్యమును దీనికి కారణములు. తిండిని అదుపులో పెట్టి, నడచి, మాత్రలు వాడినచో ఆ తూము కొంత వదులగును. చాల ఏండ్లు శ్రమపడి నీరుగంటికూడ అలసిపోయినచో, అప్పుడు వీరికిని ఇన్సులిను కావలసివచ్చును. శస్త్రచికిత్స సమయమునను, గర్భిణీ దశయందును, తీవ్రమైన జ్వరములలోను కొంతకాలము మాత్రమే ఇచ్చి మానుటయు కలదు. కావున పెద్దలకు సూది వ్రాయగానే ఇంటిల్లిపాదియు కంటతడి పెట్టనక్కరలేదు. అలసిన పనివానికి సాయముగా మఱియొకని పంపుచున్నారని యెంచుకొనిన చాలును.

పిల్లల సంగతి యట్లు కాదు. వారికి ఇన్సులిను సాయము కాదు, అదియే సమస్తము. ఈ భేదమును తెలియుటకు 1922వ సంవత్సరమునకు పూర్వము ఏమి జరుగుచుండెనో చూడవలెను. అప్పుడు ఈ వ్యాధి వచ్చిన బిడ్డ కొన్ని మాసములకో, ఒకటి రెండేండ్లకో మరణించుట నిశ్చయము. అమెరికాలో ఆలెన్ అను వైద్యుడు ఒక పద్ధతి కనిపెట్టెను. రోగికి తిండి దాదాపుగా ఆపివేయుటయే ఆ పద్ధతి. దానివలన ప్రాణము కొంతకాలము నిలిచెడిది. పిల్లలు మాత్రము ఎముకల గూళ్లయి మంచమునకు అంటుకొని యుండెడివారు. ఆకలిచే చచ్చుటయా, వ్యాధిచే చచ్చుటయా యని తల్లిదండ్రులు ఎన్నుకొనవలసిన స్థితి యది.

కెనడా దేశమున ఫ్రెడరిక్ బాంటింగు అను యువ శస్త్రవైద్యుడు 1920వ సంవత్సరము అక్టోబరు మాసాంతమున, మఱునాటి ఉపన్యాసమునకు సిద్ధపడుచు క్లోమమును గూర్చిన యొక వ్యాసమును చదివి, ఆ రాత్రి నిద్రపట్టక తనకు తోచిన యూహను కాగితముపై వ్రాసికొనెను. టొరాంటో విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన మాక్లియోడు ఆతనికి ప్రయోగశాలలో చోటును, కొన్ని కుక్కలను, చార్లెస్ బెస్టు అను విద్యార్థిని సాయముగను ఇచ్చెను. 1921వ సంవత్సరము వేసవిలో వా రిరువురు పని ప్రారంభించి, క్లోమమునుండి తీసిన రసము మధుమేహముగల కుక్క రక్తములో చక్కెరను దించుట కనుగొనిరి. ఆ రసమును మనుష్యులకు పనికివచ్చునట్లు శుద్ధిచేయుటకు రసాయనశాస్త్రమునందు నేర్పరియైన కాలిప్ వచ్చి చేరెను.

టొరాంటో ఆసుపత్రిలో లియొనార్డు థామ్సన్ అను పదునాలుగేండ్ల బాలుడు మృత్యుముఖమున నుండెను. మన తొమ్మిదవ తరగతి పిల్లవాని వయసు. బరువు మాత్రము ముప్పది కిలోగ్రాములకు లోపు. 1922వ సంవత్సరము జనవరి 11వ తేదీన ఆతనికి మొదటి సూది వేసిరి. దానివలన లాభము స్వల్పము. పొడిచినచోట చీముగడ్డ లేచెను. అంతటితో పని ఆగిపోయియున్న యెడల నేడీ వ్యాసము వ్రాయ నవసరము లేకపోయెడిది. కాలిప్ రాత్రింబవళ్లు పనిచేసి మందును మరల శుద్ధిచేసెను. పండ్రెండు దినములకు, జనవరి 23న, ఆ క్రొత్త మందు ఇయ్యగా మూత్రములోని చక్కెర దాదాపుగా పోయెను. బాలునికి చురుకుదనము వచ్చెను. ఆతడు మఱి పదుమూడేండ్లు జీవించెను. ఆ యేడు ఆగస్టులో బాంటింగు వద్దకు వచ్చిన ఎలిజబెత్ హ్యూస్ అను బాలికయు ఎముకల గూడుగనే వచ్చినది. ఆమె పెద్దదై, వివాహమాడి, బిడ్డలను కని, 1981వ సంవత్సరమువఱకు జీవించెను. దాదాపు అఱువదేండ్లు ఇన్సులినుతో జీవించిన దన్నమాట.

1923వ సంవత్సరమున నోబెలు బహుమానము బాంటింగు, మాక్లియోడులకు వచ్చెను. బాంటింగు తన భాగమున సగము బెస్టునకును, మాక్లియోడు తన భాగమున సగము కాలిప్‌నకును ఇచ్చిరి. వీరిలో వీరికి కలహములు లేకపోలేదు; గొప్ప పనులు చేయువారందఱు నెమ్మదస్థులై యుండవలెనను నియమము లేదు. కాని ఆ మందుపై హక్కును విశ్వవిద్యాలయమునకు తలకొక డాలరు వెలకు అమ్మివేసిరను సంగతి మాత్రము మఱవరానిది. కోట్లు గడింపదగిన వస్తువును వారు ఒక్క డాలరునకు ఇచ్చివేసిరి.

తరువాతి చరిత్రను త్వరగా చెప్పెదము. మొదట పశువులయు పందులయు క్లోమములనుండియే ఇన్సులిను తీయుచుండిరి. ఇందువలన మన దేశమున కొందఱికి మనసొప్పక పోవుటయు కలదు. 1955 నాటికి ఇంగ్లండులో సాంగరు అను శాస్త్రజ్ఞుడు, ఇన్సులిను అను మాంసకృత్తునందు 51 అమైనో ఆమ్లములు ఏ వరుసలో కూర్చబడియున్నవో కనుగొనెను. 1969లో డొరొతీ హాడ్జ్‌కిన్ అను విదుషీమణి దాని ఆకారమును నిర్ణయించెను. ముప్పదియేండ్లకు పైబడిన తపస్సది. ఆమె బృందమున మన దేశస్థుడైన విజయన్ గారును పనిచేసి, పిదప బెంగుళూరు విజ్ఞాన సంస్థలో ఈ విద్యను స్థాపించిరి. 1978లో అమెరికాలో సూక్ష్మజీవులకు మానవుని ఇన్సులిను సూత్రమును నేర్పి వానిచేతనే చేయించిరి. 1982నుండి అది రోగుల కందుచున్నది. 2004నుండి మనకు పొరుగుననున్న బెంగుళూరులోనే ఒక రకపు ఈస్టుచేత మానవ ఇన్సులిను చేయించి అమ్ముచున్నారు. నేడు మన ఆసుపత్రులలో సాధారణముగా ఇచ్చు మానవ ఇన్సులినునందు ఏ జంతువు మాంసమును లేదు. కాబట్టి ఆచారపరాయణులైన కుటుంబములవారు సంశయింప నక్కరలేదు.

ఇచ్చట మన తెలుగువానిని ఒకనిని తలచుకొనుట తప్పుగాదు. ఇన్సులిను మొదట వాడబడిన 1922వ సంవత్సరముననే, భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పై చదువునకై అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. చక్కెర కణములోనికి పోయి కాలినప్పుడు పుట్టు శక్తి ఏ రూపమున నిలువయుండునన్న ప్రశ్నకు సమాధానమైన ఏటీపీ అను పదార్థమును 1929లో ఫిస్కే గారితో కలసి కండరమునుండి వేఱుచేసినవారిలో ఆయన యొకరు. ఇన్సులిను తూము ఎత్తునని చెప్పితిమి. ఆ నీటితో పండిన పంట ఏ గాదెలో చేరునో ఆయన చూపిరని విద్యార్థులు గుర్తుంచుకొనవచ్చును.

ఇన్సులినును మాత్రగా మ్రింగరాదా యని తరగతిలో పిల్లలు తప్పక అడుగు ప్రశ్న. మంచి ప్రశ్నయే. ఇన్సులిను మాంసకృత్తు గనుక, పప్పువలె గ్రుడ్డువలె కడుపులో జీర్ణమైపోవును. అందుచేత చర్మము క్రింద సూదితో ఇయ్యవలసియున్నది. సూది యనగా పూర్వపు లావు సూది కాదు. నేటిది వెండ్రుకవలె సన్నము. త్వరగా పనిచేయునది భోజనమునకు ముందును, నెమ్మదిగా దినమంతయు పనిచేయునది ఒకమాఱును ఇచ్చుట సాధారణముగా పిల్లలకు చేయు పద్ధతి. మోతాదు నిర్ణయింపవలసినది వైద్యుడే.

ఇక మన సీమ తిండిని గూర్చి. రాగులలో చక్కెర లేదని పలువురు నమ్మి, సంకటి యెంత తిన్నను దోషము లేదనుకొందురు. రాగులు మంచి ధాన్యమే. బియ్యముకంటె పీచు, సున్నము ఎక్కువ. అయినను నూఱు గ్రాముల రాగులలో డెబ్బది గ్రాములకు దగ్గఱగా పిండిపదార్థమే. పలుచగా కాచిన జావ మఱింత త్వరగా రక్తములో చేరును. చిత్తూరు బెల్లము ప్రసిద్ధమైనది. బెల్లము చక్కెర కాదు గనుక తినవచ్చునను మాటయు అంతే ప్రసిద్ధమైనది. కాని అది నిజము కాదు. రెండును చెఱకు బిడ్డలే. మామిడిపండ్ల కాలములో ఈ నియమము పాటించుట యెంత కష్టమో మేమును ఎఱుగుదుము. ఇన్సులిను వాడు పిల్లవానికి ఏదియు పూర్తిగా నిషిద్ధము కాదు. ఎంత తినునో దానికి తగినంత మందుండవలెను. ఈ లెక్కను ఇంటివారు వైద్యునివద్ద నేర్చుకొనవలెను. పిల్లవాడు తన కంచములోని పిండిపదార్థమును లెక్కించుట మన గణితపు తరగతికిని మంచి అభ్యాసమే.

అసలు చెప్పవలసిన మాట కిప్పుడు వచ్చితిమి. మొదటి రకపు మధుమేహముగల బిడ్డకు ఇన్సులిను మానినచో ఏమగును? చక్కెర దొరకక శరీరము క్రొవ్వును విపరీతముగా కాల్చును. ఆ మంటకు బొగ్గువంటివి కీటోనులను ఆమ్లములు; అవి రక్తములో పేరుకొనును. వాంతులు, కడుపునొప్పి, మ్రగ్గిన పండువంటి వాసనగల శ్వాస, దీర్ఘముగా ఎగపోయుట, పిదప మగత. ఒకటి రెండు దినములలో, ఒక్కొక్కప్పుడు కొన్ని గంటలలోనే, ఇది ప్రాణముమీదికి వచ్చును. మే మెఱిగిన యొక పల్లెకుటుంబములో, ఆకుమందు ఇచ్చువా డొకడు సూదులు మానినగాని తన మందు పనిచేయదని చెప్పగా, పెద్దలు నమ్మి పిల్లవానికి ఇన్సులిను ఆపిరి. మూడవనాడు వాంతులు పుట్టెను. కడుపులో అజీర్ణమని మఱియొక పూట జరిపిరి. మేనమామ పట్టుపట్టి రాత్రికి రాత్రి బండి మాటలాడి ఆసుపత్రికి చేర్చుటచే బిడ్డ దక్కినాడు. కాకరకాయ, నేరేడు గింజలు, మెంతులు పెద్దల చక్కెరకు కొంత ఉపకరించునేమో, ఆ వాదము మాకు వలదు. చచ్చిన కణములను అవి లేపలేవు. జ్వరము వచ్చి బిడ్డ అన్నము తినకున్నను ఇన్సులినును బొత్తిగా మానరాదు. జ్వరములో దాని అవసరము పెరుగుటయే తఱచు. మోతాదు మార్చవలెనేమో వైద్యుని అడుగవలెను.

వ్యాధి బయటపడని పిల్లలను కనిపెట్టుట మఱింత ముఖ్యము. పక్క తడుపుట మానిన పిల్లవాడు మరల తడుపుట, తరగతినుండి మాటిమాటికి బయటికి పోవ సెలవడుగుట, నీళ్ల కుండను వదలకుండుట, బాగుగ తినుచునే బట్టలు వదులగునట్లు చిక్కిపోవుట. ఈ గుఱుతులలో ఏ యొక్కటి కనబడినను, మందలింపక, ఆ దినముననే రక్తపరీక్ష చేయింపవలెను. వ్రేలికొననుండి ఒక బొట్టు రక్తము చాలును. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో ఈ పరీక్ష చేయుదురు. ఇట్టి గుఱుతులతో రక్తములో చక్కెర డెసిలీటరునకు 200 మిల్లీగ్రాములో, అంతకుమించియో ఉన్నచో మధుమేహమని నిర్ణయింతురు.

దీనికి విపరీతమైన ప్రమాదము మఱియొకటి కలదు. అది పాఠశాలలోనే ఎక్కువగా సంభవింపవచ్చును. సూది వేసికొని అన్నము ఆలస్యమైనను, ఆటలో మిక్కిలి పరుగెత్తినను, చక్కెర ఉండవలసిన దానికంటె దిగిపోవును. కండరము పనిచేయునప్పుడు చక్కెరను విశేషముగా లాగుకొనును గదా. తిరుమలకు అలిపిరినుండి 3,550 మెట్లు ఎక్కు మధుమేహరోగులు జేబులో గ్లూకోసు లేక బయలుదేరరాదని వైద్యులు చెప్పుటకు కారణ మిదియే. 70 మిల్లీగ్రాములకు దిగువనైనచో చెమటలు, వణకు, ఆకలి, ముఖము పాలిపోవుట, కారణము లేని కోపము, అడిగినదానికి పొంతనలేని సమాధానము కలుగును. మెదడునకు చక్కెర చాలకపోవుటయే యిది. అట్టివానిని సోమరియని కాని పెంకెవాడని కాని ఉపాధ్యాయులు తలంపరాదు; ఒంటిగా మఱియొక చోటికి పంపనురాదు. ఉన్నచోటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగింపవలెను. పావుగంట చూచి, తేఱుకొననిచో మరల ఇయ్యవలెను. తేఱిన పిదప రెండు బిస్కత్తులో, ఇడ్లీయో పెట్టవలెను. తెలివి తప్పినవాని నోట ఏమియు పోయరాదు, ఊపిరితిత్తులలోనికి పోవును. ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

ఇన్సులినును దాచుటయు నేర్వవలసిన విద్యయే. తెఱవని సీసా 2 మొదలు 8 డిగ్రీల చల్లదనమున ఉండవలెను. మంచుగడ్డ కట్టినచో పనికిరాదు. వాడుకలోనున్న సీసా ఎండ తగులని చల్లనిచోట సుమారు నాలుగు వారములు నిలుచును. కాని మన యెండలు నలువది డిగ్రీలు దాటును. ఫ్రిజ్ లేని యింట పలమనేరు మట్టికుండ యొకటి చాలును. పెద్ద కుండలో తడి యిసుక పోసి, అందొక చిన్న కుండను నిలిపి, సీసాను తడి తగులని సంచిలో చుట్టి దానిలో పెట్టి, తడిగుడ్డ కప్పవలెను. ఇసుక ఆఱకుండ చూచుకొనవలెను. మఱియొక జాగ్రత్త: మన దేశమున మిల్లీలీటరునకు 40 యూనిట్ల మందును, 100 యూనిట్ల మందును రెండును దొరకును. 40 దానికి ఎఱ్ఱమూత సిరంజి, 100 దానికి నారింజరంగు మూత సిరంజి. 100 యూనిట్ల మందును ఎఱ్ఱమూత సిరంజిలో తీసినచో రెండున్నర రెట్లు మందు ఒంటిలోనికి పోవును. అంగడిలో కొనునప్పుడు సీసాపై అంకెను, సిరంజి మూతను పిల్లలే చదివి పెద్దలకు చెప్పవలెను.

వైద్యసహాయము మనకు దూరము కాదు. మన జిల్లా మద్రాసు రాజధానిలో నున్న దినములలో, 1948వ సంవత్సరమున, డాక్టరు యం. విశ్వనాథన్ గారు మద్రాసు స్టాన్లీ ఆసుపత్రిలో మధుమేహమునకు ప్రత్యేక విభాగము తెఱచిరి. ఐడా స్కడ్డరు దొరసానిగారు 1900వ సంవత్సరమున ఒక చిన్నగదిలో మొదలుపెట్టి పెంచిన వేలూరు వైద్యశాల చిత్తూరునకు గంట ప్రయాణము. తిరుపతిలో రుయా ఆసుపత్రియు, 1993నుండి రోగులను చూచుచున్న శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థయు కలవు. ఇన్సులిను దేశపు అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చబడినది. ఖర్చునకు భయపడు తల్లిదండ్రులు మానుటకు ముందు ప్రభుత్వ వైద్యుని తప్పక కలియవలెను.

పరీక్షలను గూర్చి పలువురు తల్లిదండ్రు లడుగుచుందురు. కేంద్ర మాధ్యమిక విద్యామండలివారు 2017లోనే ఇట్టి విద్యార్థులు చక్కెర బిళ్లలు, పండు, చిరుతిండి, నీళ్ల సీసా పరీక్షాగదిలోనికి తీసికొనిపోవచ్చునని ఉత్తరువిచ్చిరి. బాలల హక్కుల జాతీయ సంఘమువారు 2023లో, తరగతిలో రక్తము పరీక్షించుకొనుటకును, సూది వేసికొనుటకును, నడుమ చిరుతిండి తినుటకును వీరికి అనుమతి యుండవలెనని అన్ని విద్యామండలులకు వ్రాసిరి. రాష్ట్రపు పరీక్షలు వ్రాయు పిల్లల తల్లిదండ్రులు వైద్యుని పత్రముతో ప్రధానోపాధ్యాయులవారిని ముందుగనే కలిసినచో, పరీక్షాకేంద్రమునకు తెలియజేయుటకు వ్యవధి యుండును. పాఠశాలలో నైతే గ్లూకోసు పొట్లమొకటి ఉపాధ్యాయుల గదిలోను, మఱియొకటి ఆటవస్తువుల పెట్టెలోను ఉంచవలెను. ఆ బిడ్డ ప్రక్కన కూర్చుండు స్నేహితునికి అవి ఎచ్చట నున్నవో చూపించి యుండవలెను.